దాఖలా కోసం దాఖలాలు



ఉర్దూలో దాఖలా అంటే అడ్మిషన్. తెలుగులో దాఖలా అంటే రుజువు, ఆధారం. ఉర్దూ మీడియం బడిలో అలిఫ్ బే నేర్చుకుని, ఆ తర్వాత తెలుగుతో డిగ్రీ చేసినవాణ్ని కనుక ఈ రెండు అర్థాలూ నా బుర్రలో పక్కపక్కనే కాపురం ఉంటాయి. మామూలుగా అది నాకో సరదా. పోయిన ఏడాది మాత్రం ఆ రెండింటి మధ్య మా ఆపా కూతురు నలిగిపోయింది. యూనివర్సిటీలో దాఖలా కావాలంటే చేతిలో దాఖలాలు ఉండాలి. ఏ దాఖలా, ఎవరిచ్చింది, ఏ తారీఖుది, ఏ లిస్టు ప్రకారం? ఈ సవాళ్లకి జవాబు తెలియక మా ఇంట్లో ఒక సీటు పోయింది. మీ ఇంట్లో పోకూడదని రాస్తున్నాను.

ఆపావాళ్లది కదిరి. దూల్హా భాయ్ టైలర్. అమ్మాయి బీఏ ఎకనామిక్స్, ఫస్ట్ క్లాసులో పాసైంది. మా ఖాందాన్‌లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి ఆడపిల్ల. "మామూ, నేను ఎం.ఏ. చదువుతా" అని నాతో అన్నప్పుడు నేను ఆపా మొహం చూశాను. రిష్తాలు వస్తున్నాయి అని ఆ మొహంలో రాసే ఉంది. దూల్హా భాయ్ మిషన్ ఆపకుండానే "చదవనీలే" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటతో ఇంట్లో బహస్ ఖతం.

సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ-పీజీకి దరఖాస్తు పెట్టాలని బజార్లో నెట్ సెంటర్‌కి వెళ్లింది. అక్కడి కుర్రాడు "కేటగిరీ ఏంది?" అన్నాడు. "బీసీ-ఈ" అంది. ఆ ఫారంలో బీసీ-ఈ అనే గడి ఉండదు. ఓబీసీ ఉంది. బీసీ అంటే ఓబీసీయే కదా అని నొక్కేశాడు. నేను పక్కనున్నా అదే చెప్పేవాణ్ని, అబద్ధమెందుకు. ఇరవై ఏళ్లు వార్తలు రాసిన నాకు కూడా అప్పటికి ఆ తేడా తెలియదు.

మార్కులు బాగానే వచ్చాయి. వేరే రాష్ట్రంలోని ఓ సెంట్రల్ యూనివర్సిటీలో ఓబీసీ లిస్టులో పేరొచ్చింది. ఇల్లంతా మిఠాయి. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయమన్నారు, బీసీ-ఈ సర్టిఫికెట్ పెట్టాం. ఇది చెల్లదు, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ కావాలన్నారు. అది తెద్దామని పోతే, మీ కులం కేంద్రం లిస్టులో లేదమ్మా, మేం ఎట్లా ఇస్తామన్నారు. జనరల్ కటాఫ్‌కి కొద్ది మార్కులు తక్కువ. ఈడబ్ల్యూఎస్ కింద వచ్చి ఉండేది, కానీ ఫారంలో ఆ గడి నొక్కలేదు. గడువు మూడు రోజులు. అయిపోయింది. ఇందులో ఆ యూనివర్సిటీ తప్పు లేదు, ఆఫీసులో గుమాస్తా తప్పూ లేదు. అందుకే ఎవరిమీదా కోపం తీర్చుకునే వీలు కూడా లేకపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, మీ మొహల్లాలో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లకి చదివి వినిపించండి.

మనకిచ్చిన 4 శాతం రిజర్వేషన్ రాష్ట్రానిది. 2004లో ఒకసారి, 2005లో ఒకసారి 5 శాతం ఇవ్వబోతే హైకోర్టు కొట్టేసింది. తర్వాత పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక ఆధారంగా, మొత్తం ముస్లింలకి అనకుండా, సామాజికంగా వెనకబడిన 14 సమూహాలని గుర్తించి 2007లో చట్టం చేశారు. అచ్చుకట్లవాళ్లు, అత్తర్ సాయిబులు, ఫకీర్లు, హజ్జాములు, ఖురేషీలు, లబ్బీలు, షేక్‌లు, సిద్దీలు, తురక కాశాలు, ఇట్లాంటివాళ్లు అందులో ఉన్నారు. దాన్నీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి నిలబెట్టింది. అప్పటినుంచి మన పిల్లల ఇంజనీరింగ్, మెడిసిన్, పీజీ సీట్లన్నీ ఆ మధ్యంతర ఉత్తర్వు మీదే నడుస్తున్నాయి. పదిహేనేళ్లు దాటిన మధ్యంతరం అది.

కేంద్రం లిస్టు వేరు. అందులో మన రాష్ట్రం కింద దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ ఉన్నారు. షేక్ లేదు. సయ్యద్, పఠాన్, మొఘల్ రాష్ట్రం లిస్టులోనే లేరు, కేంద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. జుమ్మా నమాజుకి ఒకే సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడిన ముగ్గురు కుర్రాళ్లని ఊహించుకోండి. ఒకడు దూదేకుల: రాష్ట్రంలో బీసీ-బి, కేంద్రంలో ఓబీసీ. పక్కవాడు షేక్: రాష్ట్రంలో బీసీ-ఈ, కేంద్రంలో ఏమీ కాదు. మూడోవాడు పఠాన్: రెండుచోట్లా ఓసీ. ముగ్గురి నాన్నలూ ఒకే మెకానిక్ షెడ్డులో పనిచేస్తుండొచ్చు. నమాజయ్యాక చెప్పులేసుకుని బయటికి రాగానే ముగ్గురూ మూడు వేర్వేరు క్యూల్లో నిలబడాలి. దూదేకులవాళ్ల హక్కు మీద నాకేం అసూయ లేదు, రెండు పక్కలా పరాయివాళ్లుగా చూడబడ్డ బిరాదరీ అది, వాళ్లకి రావలసిందే వచ్చింది. షేక్ పిల్లాడికి ఆ గీత ఎక్కడుందో ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ.

మన అనంతపురంలో ఈ గీతని కళ్లతో చూడొచ్చు. ఊరికి ఒక పక్క ఇటుకలపల్లి దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. 1968లో తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీకి పీజీ సెంటర్‌గా మొదలై, 1981లో సొంత యూనివర్సిటీ అయింది. అంటే ఆ విద్యాలయం పుట్టిందే పీజీ కోసం. కరువు సీమ పిల్లలు ఎం.ఏ. కోసం తిరుపతో మద్రాసో పోనక్కర్లేదని. ఊరికి ఇంకో పక్క, బుక్కరాయసముద్రం మండలం జంతలూరు దగ్గర ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన మాట ప్రకారం 2018లో మొదలైంది. ఆటోలో పోయి రాగలిగినంత దూరం రెండింటి మధ్య. మొదటి గేటు దగ్గర మన షేక్ అమ్మాయి బీసీ-ఈ. పైగా లోకల్ కూడా, 85 శాతం సీట్లు రాయలసీమ, నెల్లూరు పిల్లలకే. రెండో గేటు దగ్గర ఆమె బీసీ కాదు, లోకల్ కూడా కాదు. దేశం మొత్తంలో ఎవరితోనైనా సమానంగా పోటీ పడాలి. మన ఎర్రమట్టి మీద కట్టిన యూనివర్సిటీలో మన మట్టికి వాటా లేదు. సెంట్రల్ యూనివర్సిటీ అన్నాక అది రూలే, దాని మీద నా ఫిర్యాదు లేదు. తెలుసుకుని వెళ్లాలి కదా.

మరి అక్కడ షేక్ పిల్లకి దారే లేదా? ఉంది. ఈడబ్ల్యూఎస్, 10 శాతం. ఆ సర్టిఫికెట్ నమూనాలోనే స్పష్టంగా ఉంటుంది: ఫలానావారి కులం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల కేంద్ర జాబితాలో లేదు అని. కేంద్ర జాబితా అన్న మాట గుర్తుపెట్టుకోండి. రాష్ట్రంలో మీరు బీసీ-ఈ అయినా కేంద్రం లిస్టులో లేరు కనుక, కేంద్ర సంస్థల కోసం ఈడబ్ల్యూఎస్ అడగొచ్చు. మీరు బీసీలు కదా, ఈడబ్ల్యూఎస్ ఎందుకు అని సచివాలయంలో ఎవరైనా అంటే, కేంద్ర ప్రభుత్వ అవసరానికి అని చెప్పి ఆ నమూనా చూపించండి. ఇంకో మాట. ఈ సర్టిఫికెట్ కిందటి ఆర్థిక సంవత్సరం ఆదాయం మీద ఇస్తారు, ఆ ఏడాదికే చెల్లుతుంది. దరఖాస్తు చలికాలంలో పెడతారు, కౌన్సెలింగ్ ఎండాకాలం తర్వాత. మధ్యలో ఏప్రిల్ 1 వస్తుంది. పాత కాగితం పట్టుకుని వెళ్తే మళ్లీ వెనక్కే.

ఈడబ్ల్యూఎస్‌లో కూడా ఒక తిరకాసు ఉంది. దాన్ని అనంతపురంవాడే సరిగ్గా అర్థం చేసుకోగలడు. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉండాలి, బాగుంది. దాంతోపాటు ఐదెకరాలు, ఆ పైన వ్యవసాయ భూమి ఉంటే ఇవ్వరు. ఏ ఐదెకరాలు? కోనసీమలో కాలువ కింద రెండు పంటలు పండే ఐదెకరాలా, లేక కళ్యాణదుర్గం పక్కన వేరుశెనగ వేసి ఆకాశం వైపు చూసే ఐదెకరాలా? రూలుకి రెండూ ఒకటే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, అది కూడా అదునుకి పడితే. ఆరెకరాలున్న రైతు బెంగళూరులో వాచ్‌మన్‌గా పనిచేయడం మనకి వింతేమీ కాదు. అలాంటి సాయిబు కొడుకు బీసీ-ఈగా చెల్లడు, పేదవాడిగానూ చెల్లడు. ఎండిపోయిన బోరే అతని ఆస్తి. మెట్టకీ మాగాణికీ తేడా చూసి రూలు రాయడం అంత కష్టమేమీ కాదు. భూసంస్కరణల చట్టం రాసినవాళ్లు యాభై ఏళ్ల కిందటే ఆ తేడా చూశారు.

ఇక జబాన్ సంగతి.

డిగ్రీ ప్రవేశాల కోసం పెట్టే సీయూఈటీ-యూజీని 13 భాషల్లో రాయొచ్చు. తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. అదే పిల్ల మూడేళ్ల తర్వాత పీజీ కోసం రాసేటప్పుడు, భాషా సబ్జెక్టుల్లాంటివి కొన్ని తప్పిస్తే పేపర్ ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే. పట్నాలోనో లక్నోలోనో పుట్టిన పిల్లాడికి పరీక్షలో సొంత భాష దొరుకుతుంది. కదిరి పిల్లకి దొరకదు. దీనికి సమాధానంగా ఒక పెద్ద ప్రొఫెసర్ గారు నాతో అన్నారు: "పీజీ పాఠాలు ఇంగ్లీషులోనే కదా, ఎంట్రన్స్ తెలుగులో రాసి లోపలికొచ్చి ఏం చేస్తారు?" మాట వినడానికి బరాబరే అనిపిస్తుంది. కానీ అదే లెక్క డిగ్రీకి ఎందుకు వర్తించలేదు? హిందీలో రాసి వచ్చిన పిల్లాడికి మాత్రం లోపల పాఠాలు హిందీలో చెబుతారా? హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో చెప్పరు కదా. అతన్ని మాత్రం రెండేళ్లలో ఇంగ్లీష్ నేర్చుకుంటాడులే అని నమ్ముతున్నాం. మన పిల్లని ఎందుకు నమ్మం? ధరల పెరుగుదల గురించి ఆమెకి తెలుసా లేదా అన్నది ఎకనామిక్స్ పరీక్ష చెప్పాలి. ఇంగ్లీషు వాక్యంలో 'కాకపోతే' ఎక్కడ దాక్కుందో వెతకడం వేరే పరీక్ష.

మన రాష్ట్రంలో 2021 నుంచి డిగ్రీలన్నీ ఇంగ్లీష్ మీడియం చేసేశారు, ఇంకా ఈ గొడవెందుకు అనేవాళ్లున్నారు. కాగితం మీద మీడియం మారింది. క్లాసులో మేడమ్ ఇంగ్లీష్ వాక్యం చదివి, తెలుగులో చెప్పి, పిల్లలు తలూపాక నోట్స్ ఇంగ్లీషులో రాయిస్తారు. మన పిల్లలకైతే దాన్ని ఇంట్లో ఉర్దూలో అమ్మీకి చెప్పాల్సిన పని కూడా ఉంటుంది. మూడు భాషలు మోసుకుంటూ వచ్చిన పిల్లకి మీకు ఒక్క భాష సరిగా రాదు అంటారు. ఉర్దూని 2022లో రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు, సంతోషమే. బోర్డుల మీద కనిపిస్తే సరిపోతుందా?

ఉర్దూ చదివినవాళ్లకి ఉన్న ఒక సహులత్ కూడా చెప్పకపోతే తప్పవుతుంది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ 1998లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ. పదిలోనో ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉర్దూ ఒక సబ్జెక్టుగానో మీడియంగానో చదివి ఉండాలన్నది వాళ్ల షర్త్. మనం ఎందుకూ పనికిరాదనుకున్న మున్సిపల్ ఉర్దూ బడి చదువు అక్కడ అర్హత. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ 2016 నుంచి ఉంది. పిల్లల్ని ఉర్దూ మీడియం మాన్పించినా ఫరవాలేదు గానీ, పదో తరగతి దాకా ఉర్దూ ఒక సబ్జెక్టుగా ఉంచండి.

మన రాష్ట్ర యూనివర్సిటీల విషయానికొస్తే, 2021కి ముందు ఎవరి ఎంట్రన్స్ వారిదే. ఎస్కేయూకి ఒకటి, ఎస్వీయూకి ఒకటి, యోగి వేమనకి ఒకటి. మూడు ఫీజులు, మూడు ప్రయాణాలు. 2021 నుంచి అన్నిటికీ కలిపి ఏపీ పీజీసెట్. ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు, వెబ్ ఆప్షన్లు. నేను దీనికి వ్యతిరేకిని కాదు. ఆడపిల్లని మూడు ఊళ్లు తిప్పాల్సిన పని తప్పింది. అయితే పాత పద్ధతిలో ఒక మేలుండేది. యూనివర్సిటీ గేటు దాకా వెళితే అక్కడ ఎవరో ఒక సీనియర్, ఎవరో ఒక అటెండర్ భాయ్, "ఈ కాగితం తక్కువుంది, పోయి జిరాక్స్ తీసుకురాపో" అని చెప్పేవాడు. ఇప్పుడు తెర మీద ఎర్రక్షరాలు తప్ప చెప్పే నోరు లేదు. కౌన్సెలింగ్ అంటే సలహా ఇవ్వడం అని డిక్షనరీలో ఉంది.

ర్యాంకు వచ్చాక డబ్బు. 2020 డిసెంబర్ 25న ఇచ్చిన జీవో 77 గుర్తుందా? ప్రైవేట్ కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదన్నారు. యూనివర్సిటీ క్యాంపస్‌లు, ప్రభుత్వ కాలేజీల వరకే. ప్రైవేట్ పీజీ కాలేజీల్లో కొన్ని పేరుకే నడిచేవి, డబ్బు కోసం పుట్టినవి, నేనే వాటి మీద వార్తలు రాశాను. కానీ కదిరి, హిందూపురం, గుంతకల్లు లాంటి ఊళ్లలో ఆడపిల్లని హాస్టల్‌కి పంపలేని ఇంటికి ఊళ్లోని ప్రైవేట్ కాలేజీయే పీజీ. దొంగ కాలేజీని మూయడానికి మంచి కాలేజీలో చదివే పిల్ల ఫీజు ఆపారు. పీజీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని, ఇంటి పక్క కాలేజీలో సీటు వచ్చి, ఫీజు చూసి వదిలేసిన అమ్మాయిలు నాకు తెలిసే ముగ్గురున్నారు. ఆ జీవో రద్దు చేస్తామని లోకేశ్ గారు పాదయాత్రలో మాటిచ్చారు. ఆ మాట నాకు గుర్తుంది, ఆ ఇళ్లలో ఇంకా బాగా గుర్తుంది.

పీజీ దాటి పరిశోధనకి పోదామంటే, మైనారిటీ పిల్లల కోసం ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022లో ఆపేశారు. వేరే ఫెలోషిప్‌లు ఉన్నాయి కదా, అవి అందరికీ వర్తిస్తాయి కదా అన్నారు. సచార్ కమిటీ 2006లోనే లెక్క చెప్పింది: పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు ముస్లిం, పీజీ చదివే 50 మందిలో ఒక్కరు. డిగ్రీ నుంచి పీజీకి వచ్చేసరికి సగానికి సగం రాలిపోయాం. ఆ రాలిపోవడం ఎక్కడ జరుగుతుందో నాకు లెక్కల కన్నా నా సొంత అనుభవమే బాగా చెప్పింది.

నేను డిగ్రీ పూర్తి చేసిన ఏడాది ఎం.ఏ.కి ఎంట్రన్స్ రాశాను. సీటు వచ్చింది. అబ్బా ఆ రోజు నన్ను హోటల్‌కి తీసుకెళ్లి, తను తినకుండా నాకు బిర్యానీ పెట్టించాడు. సర్టిఫికెట్ల పరిశీలనలో ఉర్దూ బడి టీసీలో నా పేరు ఒక రకంగా, డిగ్రీ మెమోలో ఇంకో రకంగా ఉందని తేలింది. ఉర్దూలో ఒకే పేరు. ఇంగ్లీషులోకి దించినప్పుడు ఒక ఉస్తాద్ ఒక అక్షరం, ఇంకో ఉస్తాద్ రెండక్షరాలు వేశారు. షేక్ అన్న మాటనే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు కదా. ఇద్దరూ ఒకడే అని దాఖలా తెమ్మన్నారు. ఆ దాఖలా ఇవ్వాల్సిన ఆఫీసులో సారు సెలవు. తర్వాత సారు వచ్చారు, స్టాంపు పేపర్ మీద రాసుకురమ్మన్నారు. తెచ్చేసరికి గడువు దాటింది. వచ్చే ఏడు చూద్దాంలే బేటా అన్నాడు అబ్బా. వచ్చే ఏడుకి నేను ఓ పత్రికలో స్ట్రింగర్‌ని. ఆ తర్వాత నికాహ్, పిల్లలు. నలభై దాటాను, నా పేరు పక్కన ఇప్పటికీ డిగ్రీయే. గొప్ప దుఃఖమేమీ కాదు, అల్హమ్దులిల్లాహ్, బతుకు బాగానే నడిచింది. కానీ ఎవరైనా నన్ను "సార్, మీరు ఎం.ఏ. ఏ యూనివర్సిటీ?" అని అడిగితే ఇప్పటికీ ఒక క్షణం ఆగి జవాబిస్తాను.

సర్కారుని అడగాల్సింది అడుగుదాం. బీసీ-ఈలోని సమూహాల్ని కేంద్ర జాబితాలో చేర్చాలని మన రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా సిఫారసు చేయాలి. 2018 రాజ్యాంగ సవరణ తర్వాత ఆ జాబితాలో మార్పు పార్లమెంటు ద్వారానే జరగాలి, అంటే మన ఎంపీలు నోరు విప్పాలి. ఎన్నికలప్పుడు మసీదు గేటు దగ్గర చేతులు కలిపే ప్రతి నాయకుణ్నీ ఈ ఒక్క సవాల్ అడగండి. రంజాన్ తోఫా గురించి మాట్లాడటం వాళ్లకి ఇష్టం, జాబితా గురించి మాట్లాడటం కష్టం. పీజీ ఎంట్రన్స్‌లో తెలుగు, ఉర్దూ కూడా పెట్టమని రాయాలి. ఐదెకరాల రూలులో మెట్ట భూమికి లెక్క వేరు ఉండాలి.

సర్కారు పని సర్కారుది. మన పని? మొన్న ఒక మసీదు కమిటీ పెద్దలతో కూర్చున్నాను. షాదీఖానాకి ఏసీ పెట్టించాలని చందాలు వేస్తున్నారు. "హజ్రత్, ఆ హాల్లోనే జనవరిలో రెండు ఆదివారాలు కూర్చుని, డిగ్రీ ఫైనలియర్ పిల్లల ఫారాలు నింపిద్దాం" అన్నాను. ఒక పెద్దాయన, "అది నెట్ సెంటర్‌వాళ్లు చూసుకుంటారు కదా బేటా" అన్నాడు. ఆ నెట్ సెంటర్ కుర్రాడు ఒక్క గడి నొక్కినందుకు మా పిల్ల ఏడాది పోయిందని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకో ఆయన, కాలేజీలో లెక్చరర్‌గా రిటైరైనవాడు, "నేనొస్తాను" అన్నాడు. ఆ ఒక్కడు చాలు నాకు. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలకి జకాత్ డబ్బు ఇవ్వొచ్చా అని మీ ఆలిమ్‌లని అడగండి. ఆ సవాల్ వాళ్లని మనం అడగడమే తక్కువ.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక అర్జీ. ఎం.ఏ. రెండేళ్లు. మంచి రిష్తా వెతకడానికి కూడా మనకి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ పిల్ల ఇంట్లో కూర్చుని మెహందీ డిజైన్లు నేర్చుకోవడం కన్నా క్యాంపస్‌లో ఉండటం వల్ల ఎవరి ఇజ్జత్ పోతుంది? మా ఆపా మొదట్లో నా మీద అలిగింది. సీటు పోయిన రోజు పిల్లకన్నా ఎక్కువ ఏడ్చింది ఆమే.

అమ్మాయి ఈ ఏడాది మళ్లీ రాసింది. ఈసారి ఫారం నింపేటప్పుడు నేనూ, ఆ రిటైర్డ్ లెక్చరర్ సారూ చెరో పక్క కూర్చున్నాం. ఈడబ్ల్యూఎస్ గడి నొక్కింది. పదో తరగతి మెమో నుంచి ఆధార్ దాకా ఒక్కో కాగితంలో పేరు అక్షరం అక్షరం సరిచూసింది. ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉంటే దిద్దించాం. పీజీసెట్‌కి కూడా విడిగా పెట్టింది, అక్కడ బీసీ-ఈ అని. ఇంకా నతీజా తేలలేదు. నిన్న రాత్రి ఫోన్లో ఫోటో పంపింది. కొత్త ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్, సంతకం ఉంది, ముద్ర ఉంది. కింద ఒక లైను రాసింది: "మామూ, తారీఖు చూడు, ఏప్రిల్ దాటింది."